మిడ్‌ఫీల్డ్ అమ్మాయికి ఇంటర్ రెండేళ్లు

ప్రశ్న: మాది విజయవాడ, గుణదల. మా అమ్మాయికి పదిహేనేళ్లు నిండాయి, పదో తరగతి అయిపోయింది. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడుతుంది. స్కూల్ గేమ్స్‌లో రెండేళ్లు జిల్లా జట్టుకు ఆడింది. ఇక ఇదే నా కెరీర్ అంటోంది. వాళ్ల నాన్నగారేమో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ సీటు మాట్లాడి వచ్చారు. పిల్ల మొదటి సగం బాగా ఆడుతుంది, రెండో సగం మధ్యకొచ్చేసరికి కాళ్లు ఈడుస్తుంది. మోకాలి చిప్ప కింద నొప్పి అంటోంది. ఈ మధ్య ఒకాయన స్పెయిన్‌లో ట్రయల్స్ ఇప్పిస్తానని రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. ఈ ఆటలో బతుకుతెరువు ఉంటుందా? కాలేజీ సంగతి ఏం చేయమంటారు? కింద మా అమ్మాయి కూడా ఒక ముక్క రాసింది: "నాకు 10వ నంబర్ స్థానంలో, అంటే ఫార్వర్డ్‌ల వెనకే ఆడాలని ఉంది. కోచ్ సార్ 6లో, అంటే మన డిఫెండర్ల ముందు పెడుతున్నారు. ఏం చేయాలి?"
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందు డబ్బు సంగతి. ఆ రెండున్నర లక్షలు ఇవ్వకండి.

ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండని క్రీడాకారిణిని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు బదిలీ చేయకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి కాపురం మారడం, యూరోపియన్ యూనియన్ దేశాల లోపలే 16 నుంచి 18 మధ్య వయసులో మారడం, సరిహద్దు పక్క ఊళ్లవాళ్లు ఆవలి క్లబ్బులో చేరడం లాంటివి. గుణదల పిల్లకు ఇవేవీ వర్తించవు. అంటే ట్రయల్స్‌లో అందరికన్నా బాగా ఆడినా సరే, అక్కడి క్లబ్బు ఆమె పేరు నమోదు చేయలేదు. పైగా 2023 నుంచి ఏజెంట్ పని చేసేవాళ్లకు ఫిఫా లైసెన్సు ఉండాలి, మైనర్ల విషయం చూడాలంటే విడిగా ఒక కోర్సు కూడా పూర్తి చేయాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లను కదిలించకూడదు. లైసెన్సున్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆయన్ని రెండే అడగండి: మీ లైసెన్సు నంబరెంత? మా అమ్మాయిని 18 లోపు ఏ నిబంధన కింద నమోదు చేయిస్తారు? నిజమైన ఏజెంటుకు రాబడి కుదిరిన కాంట్రాక్టులోంచి వస్తుంది. ట్రయల్‌కు ముందే డబ్బడిగేవాడు అమ్మేది విహారయాత్ర.

విదేశాలకు వెళ్లినవాళ్లు లేరని కాదు. పంజాబ్ హోషియార్‌పూర్ అమ్మాయి మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్‌లోని అపోలోన్ లేడీస్‌కు వెళ్లి యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడింది. మన తెలుగమ్మాయి, నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య అదే ఏడాది క్రొయేషియాలో దినమో జాగ్రెబ్‌కు వెళ్లింది. ఇద్దరికీ అప్పటికి ఇరవై నిండాయి, ఇద్దరూ అంతకుముందు మన దేశంలో గోకులం కేరళ క్లబ్బుకు ఆడినవాళ్లే. దారి ఇక్కడి లీగ్ మీదుగానే పోతుంది.

ఇక బతుకుతెరువు. లెక్క దాచకుండా చెప్తాం. మన దేశంలో ఆడవాళ్ల పై స్థాయి లీగ్ ఇండియన్ విమెన్స్ లీగ్. 2024-25లో అందులో 8 క్లబ్బులు, ఒక్కోదానికి 14 మ్యాచ్‌లు. క్లబ్బుకు పాతిక మంది వేసుకున్నా దేశం మొత్తానికి రెండొందల చోట్లు, అందులో విదేశీయులు కూడా ఉంటారు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క క్లబ్బూ లేదు. మనకు దగ్గరవి బెంగళూరు కిక్‌స్టార్ట్, తమిళనాడు సేతు, కోళికోడ్ గోకులం. జీతాల విషయానికొస్తే, ప్రతి క్లబ్బూ కనీసం పది మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని 2023లో జాతీయ సమాఖ్య నిర్ణయించింది. నెలకు పంచితే ఇరవై ఆరువేల చిల్లర. పేరున్నవాళ్లకు ఇంకా ఎక్కువే వస్తుంది కానీ సీజన్ నడిచేది కొద్ది నెలలే.

అందుకే ఈ ఆటలో నిలదొక్కుకున్నవాళ్లలో చాలామందికి ఒక చేతిలో క్లబ్బు, మరో చేతిలో ఉద్యోగం ఉంటాయి. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించింది కదా, ఆ రెండు గోల్సూ కొట్టిన సంగీతా బాస్‌ఫోర్ మిడ్‌ఫీల్డరే. ఆమెకు సరిహద్దు కాపలా దళం సశస్త్ర సీమా బల్‌లో ఉద్యోగం. తమిళనాడు మిడ్‌ఫీల్డర్ ఇందుమతి కదిరేశన్ ఆ రాష్ట్ర పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్. రైల్వేకు సొంత మహిళా జట్టే ఉంది, సీనియర్ నేషనల్స్‌లో ఆడుతుంది. కాబట్టి మీ ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క క్లబ్బు జీతం ఒక్కదానిదే కాదు. క్లబ్బు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, ముప్ఫై దాటాక కోచింగ్ లైసెన్సు, ఈ మూడూ కలిపి వేయండి.

ఆ ఉద్యోగానికి పనికొచ్చే కాగితమేదో ఇప్పుడే తెలుసుకోండి. గుర్తింపు ఉన్న సంఘం ద్వారా రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నేషనల్స్‌కు, యూనివర్సిటీల మధ్య జరిగే పోటీలకు కూడా ఉంటుంది. ప్రైవేటు టోర్నమెంటు కప్పులు షోకేసులోకే. ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఏ స్థాయి పోటీ, ఎన్నో స్థానం, ఎన్నేళ్ల లోపుది అని రాసి ఉంటుంది, అది చదవండి. ఇంకోటి, సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించకండి. పరిశీలన సమయంలో వెనకవైపు స్టాంపు వేయాల్సి వస్తే ఇబ్బంది. ప్లాస్టిక్ కవర్ల ఫైల్లో పెట్టి, స్కాన్ తీసి దాచండి.

వయసు కాగితాలు కూడా సరిచూసుకోండి. జనన ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి మెమో, ఈ మూడింటిలో పుట్టిన తేదీ, పేరు, ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. జాతీయ సమాఖ్య రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో జరుగుతుంది, ఒకసారి వచ్చిన ఐడీ జీవితాంతం వెంట ఉంటుంది. తేడా ఉంటే ట్రయల్స్ ముందురోజు రాత్రి దిద్దించలేరు. "ఒక్క ఏడాది తగ్గిద్దాం, అండర్-17లో ఇంకోసారి ఆడుతుంది" అనేవాళ్లు గ్రౌండ్లలో కనపడతారు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసే పరీక్ష ఉంది. అందులో దొరికితే పోయేది ఆ ఒక్క టోర్నమెంటు కాదు.

ఇప్పుడు కాలేజీ. అసలు మీ ఉత్తరానికి ప్రాణం ఇదేనని మేం అనుకుంటున్నాం.

మిడ్‌ఫీల్డ్ ఆలస్యంగా పండే స్థానం. బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ ఫోర్మిగా 1995 నుంచి 2019 వరకు ఏడు ప్రపంచ కప్‌లు ఆడింది, చివరిది 41వ ఏట. జపాన్ మిడ్‌ఫీల్డర్ హొమారే సావా ఆరు ఆడింది. ఏటా మేటి క్రీడాకారిణికి ఇచ్చే బాలన్ డోర్ అవార్డులు 2021 నుంచి 2025 దాకా వరసగా ఐదు బార్సిలోనా మిడ్‌ఫీల్డర్లకే వెళ్లాయి, మొదటి రెండు అలెక్సియా పుతెయాస్‌కు, తర్వాతి మూడు ఐతానా బొన్మతీకి. తొలిసారి అందుకున్నప్పుడు ఒకరికి 27, ఇంకొకరికి 25. పరుగు ఒక్కటే అయితే ఇరవైకే తేలిపోయేది. ఇక్కడ కావాల్సింది బంతి రాకముందే చుట్టూ చూసుకుని ఏం చేయాలో తేల్చుకునే అలవాటు. అది పుస్తకంలోంచి రాదు, గోడకు బంతి కొడితే రాదు, పదకొండు మంది ఎదురుగా నిలబడితేనే వస్తుంది. అది కుదురుకునే వయసు సరిగ్గా 15 నుంచి 17. పొద్దున్న లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా గంట కొట్టే రెసిడెన్షియల్ కాలేజీ మింగేసేదీ ఆ రెండేళ్లనే. "ఇంటర్ అయ్యాక మళ్లీ ఆడుతుందిలే" అనేది కుదరని మాట. తిరిగొచ్చేసరికి కాళ్లకు పాస్ గుర్తుంటుంది, కళ్లకు ఆట వేగం గుర్తుండదు.

అలాగని చదువు మానిపించమనడం లేదు. వాళ్ల నాన్నగారి భయంలో న్యాయం ఉంది: రెండొందల చోట్ల ఆటకు పిల్ల భవిష్యత్తంతా ఒడ్డడం ఏ తండ్రికైనా కష్టమే. మా సలహా డే కాలేజీ. గ్రూపు ఏదైనా సరే, పిల్లకు ఇష్టమైతే ఎంపీసీయే తీసుకోండి. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో స్పోర్ట్స్ కోటా ఉంది కాబట్టి ఆటా చదువూ ఒకచోట కలుస్తాయి కూడా. ఎంపీసీ బరువనిపిస్తే ఎంఈసీ, సీఈసీ. ఇల్లు, గ్రౌండు, కాలేజీ మూడింటికీ మధ్య దూరం అరగంట దాటకూడదు. గుణదల నుంచి బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ గంటన్నర పోగొట్టుకుంటే ఆ కోత పడేది నిద్ర మీదే. ఈ వయసులో 8 గంటలకు తగ్గకూడని నిద్ర అది. ఫీజు కట్టే ముందు ప్రిన్సిపాల్‌ను కలవండి: రాష్ట్ర క్యాంపు పది రోజులుంటే హాజరు ఎలా చూస్తారు? ప్రాక్టికల్స్ తప్పితే మళ్లీ పెడతారా? సాయంత్రం అదనపు తరగతులు తప్పనిసరా? ఆదివారం పరీక్షలుంటాయా? నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఒప్పుకోని కాలేజీ ఎంత పేరున్నదైనా మీకు పనికిరాదు. సార్వత్రిక విద్యాపీఠంలో ఓపెన్ ఇంటర్ కూడా ఉంది గానీ అది ఆఖరి మార్గంగా ఉంచుకోండి. కాలేజీ లేకపోతే రోజంతా ప్రాక్టీసు చేస్తుందనుకుంటాం, జరిగేది పొద్దెక్కేదాకా నిద్ర, మధ్యాహ్నమంతా ఫోను.

విజయవాడలో అసలు కొరత వేరే ఉంది. ఆడపిల్లలు ఇరవై రెండు మంది ఒకచోట దొరకరు. ఊరంతా వెలిసిన బాక్స్ క్రికెట్ టర్ఫుల మీద ఐదుగురేసి ఆడితే బంతి మీద పట్టు పెరుగుతుంది కానీ, అక్కడ పన్నెండు మీటర్లు దాటిన పాసే ఉండదు, వెనక నుంచి ఎవరొస్తున్నారో చూసే అవసరమూ తక్కువే. వారానికి ఒక్కసారైనా పూర్తి గ్రౌండు మీద, పదకొండు మందితో ఆడాలి. అందుకు 13, 14 ఏళ్ల అబ్బాయిల జట్టుతో కలిపి ఆడించమని కోచ్‌ను అడగండి. బలం దాదాపు సరితూగుతుంది, వేగం ఒక మెట్టు ఎక్కువుంటుంది, ఆలోచన పదునెక్కుతుంది. అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ అకాడమీ ఉంది, మన రాష్ట్రంలో ఫుట్‌బాల్ పిల్లలకు పెద్ద దిక్కు అది. ఆ వైపు జట్లతో స్నేహపూర్వక మ్యాచ్‌లకు మీ జిల్లా జట్టు వెళ్లే అవకాశం వస్తే ఒక్కటీ వదులుకోవద్దు.

రెండో సగంలో కాళ్లు ఈడ్వడం గురించి. దీనికి మూడు కారణాలు వెతకాలి, మొదటిది రక్తం. హిమోగ్లోబిన్ పరీక్ష, దాంతోపాటే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. అది బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటినా పరుగు పడిపోతుంది, అందుకే రెండూ అడగాలి. మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులోనే. మాత్ర వేసుకున్నాక, భోజనం చేశాక గంటన్నర దాకా టీ, కాఫీ ఇవ్వకండి, ఇనుము ఒంటబట్టనివ్వవు. నిమ్మకాయ పిండిన ఆకుకూర, ఉసిరికాయ పచ్చడి మాత్రం సాయం చేస్తాయి. నెలసరి తేదీలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. వరసగా మూడు నెలలు రాకపోతే "ఆటలాడే పిల్లలకు మామూలే" అని ఊరుకోకూడదు. తినేది ఆడేదానికి చాలట్లేదని ఒళ్లు చెప్పే మాట అది. అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారి పగుళ్లొస్తాయి. గైనకాలజిస్టును కలవండి.

రెండోది తిండి. పిల్ల బరువు 48 కిలోలు అనుకుంటే రోజుకు 65, 70 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లలో 12 గ్రాములు, వండిన వంద గ్రాముల కోడికూరలో ఇంచుమించు 25, రెండు కప్పుల పప్పులో 16, గ్లాసు పాలలో 8, కప్పు పెరుగులో 6 లేదా 7. అంటే మన వంటింట్లోనే అయిపోతుంది, పొడి డబ్బాలు అక్కర్లేదు. మ్యాచ్‌కు మూడు గంటల ముందు అన్నం లేదా ఇడ్లీ, నూనె తక్కువ కూర. గంట ముందు అరటిపండు. మన ఊళ్లో జరిగే తప్పేమిటంటే ఉదయం ఏడింటి మ్యాచ్‌కు పిల్లలు పరగడుపున వెళ్తారు, మధ్యాహ్నం మ్యాచ్‌కు బిర్యానీ తిని వెళ్తారు. మొదటివాళ్లకు నలభయ్యో నిమిషానికే ఇంధనం అయిపోతుంది, రెండోవాళ్లకు కడుపు బరువు దిగదు. మొదటి సగం అయ్యాక వచ్చే విరామంలో ఒక పల్లీ పట్టీ ముక్క కన్నా అరటిపండు, గ్లూకోజ్ నీళ్లు మేలు. నూనె గింజలు అప్పటికప్పుడు అరగవు.

ఎండ గురించి బెజవాడవాళ్లకు ఒకరు చెప్పాలా? రోహిణి కార్తెలో తెల్లారి ఐదున్నరకు మొదలెట్టి ఏడున్నరకు గ్రౌండు దిగిపోవాలి. ప్రాక్టీసుకు ముందూ తర్వాతా బరువు చూడండి. కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టే, తర్వాతి గంటల్లో లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా మెల్లగా తాగించాలి. ఉత్త నీళ్లు కాదు, ఉప్పేసిన మజ్జిగో, లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిందో ఇవ్వండి.

మూడోది, పిల్లకు పరుగు నేర్పుతున్న తీరు. గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టించడం మన దగ్గర ఇంకా పోలేదు. మిడ్‌ఫీల్డర్ తొంభై నిమిషాల్లో పది కిలోమీటర్ల చుట్టుపక్కల తిరుగుతుంది నిజమే, కానీ అది ఒకే వేగంతో కాదు. నడక, జాగింగ్, ఐదారు అడుగుల దూకుడు, మళ్లీ నడక. ఆ ముక్కల పరుగే సాధన చేయాలి. వారానికి ఒకరోజు 15 సెకన్లు గట్టి పరుగు, 15 సెకన్లు నడక, ఇలా పన్నెండు సార్లు. మూడు నిమిషాలు ఆగి మళ్లీ పన్నెండు. ఇంకోరోజు 30 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గీసుకుని నలుగురేసి ఆట, నాలుగు నిమిషాల చొప్పున నాలుగు విడతలు, మధ్య రెండు నుంచి మూడు నిమిషాల విరామం. మ్యాచ్‌కు ముందు రెండు రోజులు ఇవేవీ వద్దు. నెలకోసారి యో-యో పరీక్ష పెట్టించండి: 20 మీటర్లు వెళ్లి రావడం, 10 సెకన్ల విరామం, బీప్ వేగం పెరుగుతూ పోతుంది. ఎన్నో మెట్టు దగ్గర ఆగిందో రాసుకుంటే మెరుగు కంటికి కనపడుతుంది.

మోకాలికి వస్తే, దెబ్బ తగలకుండా, వాపు లేకుండా, చిప్ప కింద మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు వచ్చే నొప్పి చాలావరకు భారం ఎక్కువవడం వల్లే. ఆర్థోపెడిక్ డాక్టరుకు లేదా ఫిజియోకు ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. పూర్తి విశ్రాంతి కన్నా ఆట తగ్గించి తుంటి, తొడ కండరాలు బలపరచడమే పని చేస్తుంది. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాడు పొద్దున్నకు తగ్గిపోయేట్టయితే ఆడొచ్చు. ఒక జానెడు ఎత్తు మెట్టు మీంచి ఒంటికాలి మీద మెల్లగా కిందికి దించమనండి. మోకాలు లోపలికి వాలుతుంటే తుంటి బలం చాలట్లేదని అర్థం. కానీ మెలిక పడి "టప్"మన్న చప్పుడు, రెండు మూడు గంటల్లో వాపు వస్తే అది వేరే కథ. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ముందరి లిగమెంటు (ఏసీఎల్) తెగి ఉండొచ్చు. కట్టు కట్టేవాళ్ల దగ్గరికి, తైలం రాసేవాళ్ల దగ్గరికి వద్దు, ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్లి ఎంఆర్ఐ తీయించండి. ఆపరేషన్ అయితే తొమ్మిది నెలలకు ముందు మ్యాచ్ ఆడకూడదు. ఆడపిల్లల్లో ఈ గాయం మగపిల్లల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇలాంటి గాయాలు తగ్గించడానికే ఫిఫా "11 ప్లస్" అనే వార్మప్ తయారు చేసింది: 8 నిమిషాల నెమ్మది పరుగు, 10 నిమిషాల బలం, బ్యాలెన్సు, గెంతులు, చివర 2 నిమిషాల వేగపు పరుగు. మొత్తం ఇరవై నిమిషాలు, వారానికి రెండుసార్లకు తగ్గకూడదు. దాంట్లో తొడ వెనక కండరానికి మోకాళ్ల మీద కూర్చుని ముందుకు మెల్లగా వాలే వ్యాయామం ఉంది. మొదట్లో 3 నుంచి 5 సార్లే చేయాలి. తొలిరోజే ఇరవై చేస్తే మర్నాడు మంచం దిగలేదు. గెంతి దిగినప్పుడు చప్పుడు రాకూడదు, మోకాళ్లు ఒకదానికొకటి తగలకూడదు. ఈ రెండూ మీరు అరుగు మీద కూర్చుని కూడా పట్టుకోగలరు.

బూట్లు ఒకసారి తిరగేసి చూడండి. మన కృష్ణా, గుంటూరు నల్లరేగడి వేసవిలో రాయి. దాని మీద పొడుగు స్టడ్ల బూట్లు వేస్తే ఒంటి బరువంతా పది పన్నెండు మొనల మీద పడి మడమ, మోకాలు గోల పెడతాయి. టర్ఫు మీద అవే బూట్లు పట్టేసి మోకాలు మెలి తిరుగుతుంది. గట్టి నేలకు, టర్ఫుకు చిన్న రబ్బరు బొడిపెలు చాలా ఉండే టర్ఫ్ బూట్లు, వానలు పడి నేల మెత్తబడ్డాక స్టడ్లు. సాయంత్రం పూట, ఆట సాక్సు వేసుకుని కొనండి, వేలి ముందు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు చోటుండాలి. మడమ జారుతుంటే చివరి రంధ్రంలోంచి కూడా లేసు తీసి బిగించాలి. అన్నయ్య బూట్లలో దూది కుక్కి ఆడించడం మాత్రం వద్దు. సరైన కొలత స్పోర్ట్స్ బ్రా కూడా బూట్లంత అవసరమే, ఇది అడగడానికి పిల్ల సిగ్గుపడుతుంది, మీరే తీసుకెళ్లి కొనండి.

పద్దెనిమిది వచ్చి క్లబ్బు కాంట్రాక్టు ఇస్తే చూడాల్సినవి కొన్ని ఇప్పుడే చెప్తాం. ఆ లోపే కాంట్రాక్టు వస్తే ఫిఫా నిబంధనల ప్రకారం మూడేళ్లకు మించకూడదు. గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, కోలుకునే నెలల్లో జీతం వస్తుందా అన్నది రాతలో ఉండాలి. వసతి, తిండి జీతంలో కోత పెడతారా అడగండి. రెండు నెలల జీతం ఆగితే, రాతపూర్వకంగా పదిహేను రోజుల గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు క్రీడాకారిణికి ఫిఫా నిబంధనల్లోనే ఉంది. చాలామంది ఆడపిల్లలు ఇది తెలియక సీజనంతా ఎదురుచూస్తారు.

ఇక నీకు, అమ్మాయీ. కోచ్ సార్ నిన్ను 6లో పెట్టారంటే అలగకు. 10 ఆడేవాళ్లకు గోల్ ముందుంటుంది, 6 ఆడేవాళ్లకు మైదానమంతా చుట్టూ ఉంటుంది. వెనక నుంచి వచ్చే బంతి తీసుకుని తిరగడం 6లో వచ్చినవాళ్లకు 8 (ఆ రెంటికీ మధ్య స్థానం), 10 తర్వాత వస్తాయి. అటునుంచి ఇటు రావడం కష్టం. సెలక్షన్లలో కూడా 10 ఆడతామని నిలబడేవాళ్లు డజను మంది ఉంటారు, 6 ఆడగలిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో.

రోజూ పావుగంట ఇది చెయ్యి. గోడకు ఐదు మీటర్ల దూరంలో నిలబడి కుడికాలితో వంద, ఎడమకాలితో వంద పాసులు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో అయితే మధ్యాహ్నం వద్దు, పైన ఫ్లాటువాళ్లు నిద్రపోతుంటారు. బంతికి ఎదురుగా నిటారుగా కాదు, ఓరగా నిలబడు. ఒక భుజం బంతివైపు, రెండోది నువ్వు వెళ్లాలనుకున్న వైపు. వెనక కాలితో బంతి తీసుకుంటే తీసుకోవడంలోనే తిరగడం అయిపోతుంది. ముందు కాలితో ఆపితే ఇంకో రెండు తాకులు కావాలి, ఆలోపు ఎదుటి అమ్మాయి మీదికొచ్చేస్తుంది. తమ్ముడో చెల్లో ఉంటే వెనక నిలబెట్టి వేళ్లు చూపించమను. బంతి నీవైపు బయల్దేరి చేరేలోపు భుజం మీంచి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. బంతి వచ్చాక చూసిన వేళ్లు లెక్కలోకి రావు.

మ్యాచ్‌ను నాన్నతో ఫోన్లో తీయించు. నిన్ను ఒక్కదాన్నే కాదు, ఎత్తు నుంచి మైదానమంతా కనపడేలా. ఇంటికొచ్చి, నీకు పాస్ వచ్చిన ప్రతిసారీ దానికి ముందు పది సెకన్లలో ఎన్నిసార్లు తల తిప్పి చూశావో లెక్కపెట్టు. సున్నా అయిన చోట్ల చూడు, బంతి ఎక్కువగా పోయింది అక్కడే ఉంటుంది. ఆ లెక్క ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయి.

ట్రయల్స్‌కు వెళ్తే అక్కడ ఎవరూ ఎవరికీ పాస్ ఇవ్వరు, అందరికీ తామే కనపడాలని ఆత్రం. మిడ్‌ఫీల్డర్ మాయమైపోయేది అందుకే. నిలబడ్డ ఐదు నిమిషాల్లో నీ జట్టులో నలుగురి పేర్లు అడిగి తెలుసుకో, పేరుపెట్టి పిలిచి బంతి అడుగు. మొదటి మూడు పాసులు తేలికవి, దగ్గరివి వెయ్యి. నలుగురిని డ్రిబుల్ చేసి చూపిద్దామని మాత్రం పోకు. బంతి పోగొట్టుకున్నాక మూడు సెకన్లలో నువ్వేం చేశావన్నది చూసే కళ్లు అంచున ఉంటాయి. ఏ స్థానంలో ఆడతావని అడిగితే "6, అవసరమైతే రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్)" అని చెప్పు. రెండో సమాధానం ఉన్నవాళ్లు ఇరవై మూడు మంది జాబితాలో నిలిచే అవకాశం ఎక్కువ. ఆ రైట్ బ్యాక్ కోసం వచ్చే నెల నుంచే అబ్బాయిల మ్యాచ్‌లో ఒక సగం అక్కడ ఆడించమని సార్‌ని అడుగు.